ఎర్ర రిబ్బన్ కట్టిన కమలా చెట్టు

మా దుకాణంలో ఎర్ర రిబ్బన్ కట్టిన చెట్టు మాది కాదు. కొన్నవాళ్ళు వచ్చి తీసుకెళ్ళేదాకా నీళ్ళు పోస్తాం, పురుగు పడితే దులుపుతాం, అంతవరకే. దాని కాయ ఒక్కటి కూడా మా పిల్లలు తెంపరు. ఈ పద్ధతి మా నాన్న పెట్టింది. ఆయన పోయాక మొక్కల దుకాణంతో పాటు పద్ధతి కూడా నా చేతికి వచ్చింది. ఎర్లీన్ రిబ్బన్ కట్టిందంటే ఆ బేరం ఇక కదలదని నా గురించి మా బయూ వాగు ఒడ్డున రెండు వైపులా అంటారు. నాకున్న ఆస్తి ఏమిటంటే ఆ మాటే.

ఆ వసంతంలో రిబ్బన్ కట్టిన వాటిలో అన్నిటికన్నా పెద్దది ఇంటి పక్కనున్న కమలా చెట్టు. నాన్న స్వయంగా అంటు కట్టి, కింది కొమ్మలు తీసేసి, గొడుగులా నిలబెట్టిన చెట్టు. లఫాయెట్ పట్నంలో హోటల్ కట్టుకుంటున్న లాండ్రెనో గారు వచ్చి దాని చుట్టూ తిరిగి చూసి, ఇంకో చెట్టు వైపు తల కూడా తిప్పలేదు.

"ఎండలు తగ్గాక లారీ తెస్తాను. కాయలతో సహా నా వాకిట్లో నిలబడాలి," అన్నాడు.

"కాయల్తో కదిపితే సగం రాలతాయండీ."

"మిగతా సగం చాలు."

బయానా ఇచ్చాడు. నేను రిబ్బన్ కట్టాను.

ఆ వారమే ఓక్ చెట్ల పుప్పొడి రాలడం మొదలైంది. కార్ల మీద, కిటికీల మీద పసుపు చల్లినట్టు. మా పెద్దది ఎలోడీకి పిల్లికూతలు మొదలయ్యాయి. కిందటేడూ వచ్చాయి, అంతకు ముందూ వచ్చాయి. డాక్టరు ఇచ్చిన ఆయాసం మందు పంపు నోట్లో కొడితే సర్దుకునేది, మళ్ళీ వచ్చేది. వంటింట్లో నిలబడి గిన్నెలు తోముతుంటే పక్కగదిలో ఆడుకుంటున్న పిల్ల ఊపిరి నాకు వినిపించేది. పిల్లల ఊపిరి పక్కగదిలోకి వినపడకూడదు.

"అజేలీ అత్తని అడుగుదాం," అన్నాడు నా మొగుడు క్లోవిస్. అజేలీ అతని మేనత్త. బయూకి అవతల ఒంటరిగా ఉంటుంది. పిల్లల పళ్ళ నొప్పులకి, ఎండదెబ్బకి, పులిపిర్లకి, ఊపిరికి ప్రార్థన చేసి నయం చేస్తుందని పేరు.

"ఏం తీసుకుంటుంది?"

"తెలీనట్టు అడుగుతావేంటి. ఏమీ తీసుకోదు. డబ్బివ్వకూడదు, థాంక్స్ కూడా చెప్పకూడదు. చెప్తే చేసింది విరిగిపోతుంది."

"అదే నాకు నచ్చంది. ధర చెప్పనివాళ్ళ దగ్గర నేను ముల్లంగి గింజ కూడా కొనను."

"ఇది కొనడం కాదే."

"మరేంటి?"

ఆ మాటతో నేను గెలిచాననుకున్నాను.

తరవాత ఎలోడీ ఐదో పుట్టినరోజు వచ్చింది. కేకు మీద కొవ్వొత్తులు వెలిగించి ఊదమన్నాం. ఊదింది. మంటలు కాస్త వంగి మళ్ళీ లేచాయి. ఇంకోసారి ఊదింది. ఇంతలో రెండేళ్ళ మా రెమీ కుర్చీ ఎక్కి, ఉమ్మితో సహా ఊది, అన్నీ ఆర్పేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎలోడీ కూడా నవ్వింది, కానీ అందరికన్నా ఆలస్యంగా, ఊపిరి అందాక. నేను వంటింట్లోకి వెళ్ళి పంపు తెచ్చి పిల్లకి కొట్టాను. వెనకే వచ్చిన క్లోవిస్‌తో "పిలువు" అన్నాను.

మా వాకిట్లో నిలబడితే అజేలీ అత్త ఇంటి కప్పు కనిపిస్తుంది. మధ్యలో బయూ, దాని మీద వంతెన. కాఫీ చల్లారేలోపు వచ్చేయొచ్చు. కానీ ప్రార్థన మోసుకొచ్చే మనిషి పారే నీళ్ళు దాటకూడదు. అందుకని ఆవిడ బయూ పుట్టే చిత్తడి దాకా ఎగువకి నడిచి, అక్కడ చుట్టు తిరిగి, మళ్ళీ దిగువకి నడిచి వచ్చింది. తెల్లారగానే బయల్దేరినావిడ మా గేటు దగ్గరికొచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంది. పొట్టి మనిషి. మగవాళ్ళ రబ్బరు బూట్లు, గడ్డి టోపీ.

కాఫీ చేతికివ్వబోయి ఆగాను. "ఇది ఇవ్వొచ్చా?"

"కాఫీ కాఫీయే," అని తీసుకుంది. తాగి, కప్పు పక్కన పెట్టి, ఊరికే కూర్చుంది. అడగనిదే ఆవిడ చెయ్యదని నాకు గుర్తొచ్చింది. ఎలా అడగాలో తెలియలేదు. పొద్దస్తమానం బేరమాడే నోరు అప్పుడు పెగల్లేదు.

ఎలోడీయే వెళ్ళి ఆవిడ మోకాలు పట్టుకుంది. "మామ్మా, నా గుండెల్లో పిల్లి ఉంది. దాన్ని పంపించెయ్యవా?"

"ఏ రంగు పిల్లి?"

"కనిపించదు. అరుస్తుంది అంతే."

"పంపిద్దాం. ఇంకో ఇల్లు చూపిస్తే పోతుంది. పద, వెతుకుదాం."

ఇంతలో టమాటా నారు కోసం ఎవరో హారన్ కొట్టారు. నేను దుకాణంలోకి పరుగెత్తాను. నారు కట్టలు కట్టి, చిల్లర ఇచ్చి తిరిగి వచ్చేసరికి పని అయిపోయింది. పిల్లని చెట్టుకి ఆనించి నిలబెట్టి, నడినెత్తికి సరిగ్గా సమంగా మానులో చేతి బర్మాతో చిన్న తొర్ర తొలిచి, పిల్ల వెంట్రుకలు కొన్ని అందులో పెట్టి, అదే చెట్టు పుల్లతో బిరడా కొట్టింది అత్త. బిరడా పైన, చెయ్యెత్తు దూరంలో, ఎర్ర రిబ్బన్ గాలికి ఊగుతోంది.

"ఇది పెరిగి, తల ఈ బిరడా దాటిన రోజు పిల్లి చెట్టులోనే ఉండిపోతుంది," అంది అత్త. "అందాకా చెట్టు కదలకూడదు. డాక్టరు పంపు మానకండి. ఆయన పని ఆయనది, నా పని నాది. ఇల్లు తడిగుడ్డతో తుడువు. కుక్కని మంచం ఎక్కనివ్వకు. పొద్దున్నే పిల్లని మట్టిలో ఆడనివ్వు."

నేను నోరు తెరిచాను. క్లోవిస్ నా కాలు తొక్కాడు. తెరిచిన నోటితో, "జాగ్రత్తగా వెళ్ళండి," అన్నాను.

ఆవిడ మలుపు తిరిగేదాకా ఆగి అతని వైపు తిరిగాను. "నువ్విక్కడే ఉన్నావుగా. రిబ్బన్ కనపళ్ళేదా?"

"కనపడింది."

"మరి?"

"ప్రార్థన మొదలెట్టేసింది. మధ్యలో మాట్లాడకూడదు."

"చెయ్యి ఊపొచ్చుగా."

"ఊపాను. ఈగల్ని తోలుతున్నాననుకుంది."

"ఇన్ని చెట్లుండగా అమ్ముడుపోయిందే దొరికిందా మీకు?"

"ఎలోడీ వెళ్ళి దానికే ఆనుకుంది. రిబ్బన్ బాగుందట."

కాసేపు గొడవపడ్డాం. ఆ తరవాత నేను లెక్క వేసుకున్నాను, అది నాకు అలవాటు కాబట్టి. చెట్టు చివర పెరుగుతుంది గానీ మాను సాగదు. మానులో కొట్టిన మేకు పదేళ్ళకైనా అదే ఎత్తులో ఉంటుంది. కాబట్టి బిరడా కదలదు, కదలాల్సింది పిల్లే. లారీ వచ్చేది ఎండలు తగ్గాక. ఈ వేసవిలో పిల్ల వేలెడు పెరిగితే అటు అత్త మాటా నిలుస్తుంది, ఇటు నా మాటా నిలుస్తుంది. నాకు నమ్మకం ఉందా అంటే, లేదు. కానీ లేదని చెట్టు పీకించేంత ధైర్యం కూడా లేదు.

మొక్కని పెంచడం నాకు తెలుసు కదా. పిల్లని కూడా అలాగే పెంచుదామనుకున్నాను. గుడ్లు, పాలు, ఎర్ర చిక్కుడుగింజలూ అన్నం, చేపల పులుసు. మొదట్లో అది తింది. తరవాత పళ్ళెం చూసి పారిపోవడం మొదలెట్టింది.

"మొక్కకైతే ఎరువు వేస్తే నోరు మూసుకుని తింటుంది," అన్నాను ఒకరోజు విసుగ్గా.

"మొక్కకి నోరుందా?" అంది.

పొద్దున్నే ఇద్దరినీ పెరట్లోకి తోలేదాన్ని. రెమీ మట్టి తినేవాడు. ఎలోడీ ఇంటి గోడ వెంట బెండగింజలు పెట్టింది. మొలకలొచ్చాయి. మోకాలి దాకా వచ్చాయి. వానలు పడ్డాక ఒక వారంలో దాని భుజం దాకా వచ్చేశాయి. అది బెండ మొక్కకి వీపు ఆనించి నిలబడి, చెయ్యి నెత్తి మీద పెట్టుకుని కొలుచుకునేది. ఒకనాడు ఏడుస్తూ లోపలికొచ్చింది.

"నిన్న నాకన్నా చిన్నది. ఇవాళ నన్ను దాటేసింది. నేను పడుకున్నప్పుడు పెరిగింది, దొంగది."

"నువ్వూ పడుకున్నప్పుడే పెరుగుతావే."

"అయితే నాకెందుకు తెలీదు?"

పుట్టినప్పటి నుంచీ పెరిగేవాటి మధ్యే ఉన్నాను. నారు ఎంత ఉందో, కుండీ ఎప్పుడు మార్చాలో, ఎవరికి ఎంతకి ఇవ్వాలో చూసేదాన్ని. పెరగడం మాత్రం చూడలేదు. చూడాలని కూర్చుంటే కనపడదు. ఆ మధ్యాహ్నం ఎలోడీ బెండ నీడలో చాప మీద నిద్రపోయింది. పక్కన కూర్చుని చూశాను. మెడ కింద చెమట. ఛాతీ లేస్తోంది, దిగుతోంది. చెవి దగ్గర పెట్టి వింటే ఏ చప్పుడూ లేదు. బయూ పొంగినప్పుడు మా వాకిట్లోకి నీళ్ళు వచ్చేది అలాగే, చప్పుడు లేకుండా. దాని లోపల ఎక్కడో ఎముక సాగుతూ ఉంటుంది, ఈ క్షణంలోనే, నేను చూస్తుండగానే. దానికి నేను పెట్టిన గుడ్లెన్నో నాకు తెలుసు గానీ, గుడ్డు ఎముక ఎలా అవుతుందో తెలియదు. దుకాణంలో ఎవరో పిలుస్తున్నారు. నేను లేవలేదు. పిలిచి పిలిచి వెళ్ళిపోయారు.

ఎండ కాస్త మెత్తబడ్డాక, ఒకరోజు క్లోవిస్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "రా, రా. దాటేసింది."

చెట్టుకి ఆనించి నిలబెట్టాడు పిల్లని. నిజమే. నడినెత్తి బిరడా కన్నా పైన ఉంది, స్పష్టంగా. ఎలోడీ ముఖం వెలిగిపోతోంది. రెమీ ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొడుతున్నాడు. నాకూ సంతోషమే కలిగింది, ఒక్క క్షణం. ఆ తరవాత కళ్ళు వాటంతటవే కిందికి పోయాయి. తక్కెడ ముల్లు మొగ్గితే పళ్ళెం అడుగు చూడటం అలవాటు కదా.

మా చెట్లన్నిటికీ అంటు ముడి నేల మీద బెత్తెడు ఎత్తులో కనిపిస్తుంది. నాన్న చేతి పని అది. ఈ చెట్టుకి ముడి కనిపించడం లేదు.

మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తవ్వాను. ఊక. బియ్యం మిల్లు నుంచి తెచ్చిన ఊక, దాని కింద పండాకు, దాని కింద మళ్ళీ ఊక. వేసవంతా వారం వారం ఎవరో కాస్త కాస్త పోసి, తొక్కి, నీళ్ళు చల్లి, నేలని పైకి లేపారు.

"క్లోవిస్."

"మొదలు చల్లగా ఉంటుందని..." అన్నాడు. తరవాత గొంతు తగ్గించాడు. "లారీ వచ్చేలోపు దాటాలి కదా మరి. నువ్వు మాట తప్పవు. నాకు తెలుసు నీ సంగతి."

"చెట్టుని మోసం చేద్దామనుకున్నావా?"

"నిన్ను," అన్నాడు.

ఇద్దరం కలిసి ఊకంతా లాగేశాం. అసలు నేల దొరికేదాకా, ముడి బయటపడేదాకా. ఎలోడీ చెప్పులు విప్పి ఆ గుంటలో దిగి, వీపు ఆనించి, గడ్డం కిందికి పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడింది. తల బిరడాకి కొంచెం కింద ఉంది. వసంతంలో సమంగా కొలిచింది కింద ఎలా ఉంటుందని బిత్తరపోయాను. తరవాత అర్థమైంది. అత్త కొలిచినరోజు పిల్ల కాళ్ళకి బూట్లున్నాయి, దాని జుట్టు ఎత్తుగా దువ్వి ఉంది. అంటే పిల్ల పెరిగింది. ఎంత పెరిగిందో అంతా ఆ బూట్ల కింద, ఆ జుట్టు కింద పోయింది.

"దాటానా?" అంది ఎలోడీ.

"దాటుతావు," అన్నాడు వాళ్ళ నాన్న.

అది లోపలికి పోయాక నన్నడిగాడు. "లారీ ఎప్పుడు?"

"వచ్చే వారం."

"ఏం చేస్తావు?"

"రిబ్బన్ కట్టాను కదా," అన్నాను. అతను పార తీసుకుని వెళ్ళిపోయాడు.

చెరుకు కోత మొదలైంది. కోశాక ఆకు కాలుస్తారు. ఆ పొగ పొలాల మీద నుంచి లేచి, ఊళ్ళ మీద పరుచుకుని, రోజుల తరబడి కదలదు. కిందటేడు ఆ పొగకే ఎలోడీని అర్జంటుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాం. లారీ రావాల్సిన రోజు పొద్దున లేచేసరికి పడమటి వైపు ఆకాశం గోధుమరంగులో ఉంది. మసి పేలికలు వాకిట్లో రాలుతున్నాయి. కిటికీలు మూసి, తడిగుడ్డలు కట్టి, పంపు ఎక్కడుందో చూసుకుని, ఎలోడీ కోసం చూస్తే ఇంట్లో లేదు.

చెట్టు దగ్గర ఉంది. మునివేళ్ళ మీద లేచి, రెండు అరచేతులూ బిరడా మీద మూతలా పెట్టి నిలబడి ఉంది.

"ఏం చేస్తున్నావే? పొగ. లోపలికి రా."

"పిల్లికి పొగ పడదమ్మా," అంది. "దానికి ఇప్పుడే కదా కొత్తిల్లు."

ఎలోడీ ఊపిరి నాకు వినపడలేదు. అంత దగ్గరగా నిలబడినా వినపడలేదు. మసి ఒకటి వచ్చి దాని చేతి మీద వాలింది, అది చేతులు తియ్యలేదు.

నేను పైకి చెయ్యి చాపి రిబ్బన్ ముడి విప్పాను. వేసవంతా ఎండకి వెలిసి నారింజరంగు తిరిగింది. ఎలోడీ జుట్టు వెనక్కి దువ్వి ఆ రిబ్బన్‌తో కట్టి, "ఇక లోపలికి పద. అది పడుకుంటుంది," అన్నాను.

లారీ మధ్యాహ్నానికి వచ్చింది. లాండ్రెనో గారు ముందు దిగాడు. వెనక ఫెలిసియన్ అనే ముసలి డ్రైవరు, చెట్లని వేళ్ళతో సహా పెళ్ళగించే ఇనప రెక్కల బండి నడిపేవాడు.

"చెట్టు ఇవ్వలేనండీ," అన్నాను. బయానా కవరు ఆయన చేతిలో పెట్టాను. "అంత ఎత్తువి ఇంకో రెండున్నాయి. ఏది కావాలన్నా తీసుకోండి, మీరు చెప్పిన ధరకే."

"నాకు ఇదే కావాలి. ఎవరెక్కువిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు."

"అయితే నేనిస్తాను ఎక్కువ."

"అది కాదండీ. చెట్టు పనిలో ఉంది."

ఆయన నన్ను, చెట్టుని మార్చి మార్చి చూశాడు. "నీ మాట మీద భరోసా పెట్టుకుని వచ్చాను ఎర్లీన్. నీ రిబ్బన్ అంటే బ్యాంకు అన్నారు ఊళ్ళో."

"నేనూ అలాగే అనుకున్నానండీ."

ఫెలిసియన్ ఈలోగా చెట్టు చుట్టూ తిరుగుతున్నాడు, రెక్కలు ఎక్కడ దించాలో చూడటానికి. మధ్యలో ఆగాడు. వంగి చూశాడు. పిల్ల ఎత్తున ఉన్న ఆ బిరడాని ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అయ్యా, పదండి," అన్నాడు లాండ్రెనో గారితో.

"ఏంటి?"

"దీన్ని నేను పీకను. మీరు వేరేవాణ్ణి పెట్టుకున్నా పీకనివ్వను." నా వైపు తిరిగాడు. "నా చిన్నప్పటి బిరడా పెకాన్ చెట్టుకి కొట్టారు. మా అమ్మమ్మ ఇంటి వెనక. ఇంకా ఉంది."

అంతే అన్నాడు. లాండ్రెనో గారు చెట్టు దగ్గరికి నడిచి తనూ చూశాడు. ఆయనా ఈ బయూ మనిషే, ఎంత లఫాయెట్‌లో ఉన్నా. వెనక్కి తిరిగి, "మిగతా రెండూ చూపించు," అన్నాడు.

పొగ వారమంతా ఉంది. ఎలోడీ దగ్గింది. ఒకరోజు పంపు వాడాం. ఆసుపత్రికి పోలేదు. పిల్లలు పెద్దయ్యేకొద్దీ చాలామందికి ఇలాగే తగ్గుతుంది అన్నాడు డాక్టరు. తగ్గుతుందేమో. ఏది ఎంత పని చేసిందో తూచడానికి నా దగ్గర తక్కెడ లేదు. తడిగుడ్డ ఎంత, పంపు ఎంత, గుడ్లెంత, పుల్ల బిరడా ఎంత.

చలిగాలి తిరిగాక కమలాలు పండాయి. మా కమలా పైకి ఆకుపచ్చగా ఉన్నప్పుడే లోపల తియ్యగా అవుతుంది. కొనేవాళ్ళు నమ్మరు. రిబ్బన్ లేదు కాబట్టి ఆ ఏడు మా పిల్లలే తెంపారు. కోసుకుంటూ కోసుకుంటూ ఎలోడీ మానుకి ఆనుకుని, "అమ్మా, కొలువు," అంది.

కొలుద్దామని వంగాను. బిరడా కనపడలేదు. చేత్తో తడిమాను. నాన్న అంటుల్ని చీకట్లో వేలితో గుర్తుపట్టే చేతులు ఇవి. మాను నున్నగా ఉంది. చుట్టూ ఉన్న బెరడు నాలుగు వైపుల నుంచీ వచ్చి, దగ్గరై, మూసేసింది. వెంట్రుకలూ, పుల్లా, అంతా లోపల. నేను రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నాను. ఎప్పుడు మూసిందో చూడలేదు.

"దాటానా?"

"ఇక్కడ నిన్ను ఆపేది ఏమీ లేదే," అన్నాను.

ఆ మర్నాడు బుట్టలో కమలాలు వేసుకుని, ఇద్దరినీ వెంటబెట్టుకుని అజేలీ అత్త ఇంటికి బయల్దేరాను. వంతెన దగ్గర ఆగాను. నాకు ఆ నియమం లేదు. అయినా ఎగువకి తిరిగాను. చిత్తడి దాకా నడిచి, చుట్టు తిరిగి, దిగువకి నడిచాం. రెమీని సగం దారి ఎత్తుకున్నాను. ఎలోడీ ముందు పరిగెడుతోంది, ఆగుతోంది, వెనక్కి వస్తోంది, మళ్ళీ పరిగెడుతోంది. ఆ దారి పొడవు ఎంతో అప్పుడు తెలిసింది నాకు.

అత్త అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. బుట్ట పక్కన పెట్టాను. ఆవిడ బుట్టని చూసింది, నన్ను చూసింది. చేతిలోని చిక్కుడుకాయ కింద పెట్టలేదు.

"ఇవేంటి?"

"కమలాలు."

"దేనికి?"

ఇంత బతుకులో దేనికని చెప్పకుండా నేను ఎవరికీ ఏదీ ఇవ్వలేదు. చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. ఎలోడీ పెరట్లో కోళ్ళ వెంట పరిగెడుతూ పెద్దగా నవ్వుతోంది.

"ఊరికే," అన్నాను. "కాశాయి."

అత్త ఒక కాయ తీసుకుని బొటనవేలితో తొక్క ఒలిచి, ఒక తొన నోట్లో వేసుకుంది. చిక్కుడుకాయల చాట నా వైపు జరిపింది. నేను కూర్చుని ఒలవడం మొదలుపెట్టాను.